మధ్యలో నిలబడే చోటు

జూన్ 4

బావమరిదికి,

ఫోనులో చెప్పే విషయం కాదు, అందుకే రాస్తున్నాను. పైగా ఈ మధ్య ఫోనులో మనిద్దరం చేసేది ఒకరి మౌనం ఒకరు వినడమే.

మీ రోడ్డు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. పెట్రోలు బంకు నుంచి కాలువ వంతెన దాకా నాలుగు కిలోమీటర్లు. డివైడర్‌లో బళ్లు అటూ ఇటూ తిరగడానికి మొత్తం పద్దెనిమిది సందులున్నాయి. ఏవి ఉంచాలో, ఏవి మూయాలో తేల్చాలి. నీ మోటారు వైండింగ్ షాపు ఎదుట ఉన్నది పదకొండోది. మొదటి ప్లానులో పదకొండు నుంచి పదిహేను దాకా అన్నీ మూత.

పెద్ద ఇంజనీరుగారికి ముందే చెప్పాను, ఆ షాపు మా బావమరిదిదని, నా భార్య పోయింది ఆ సందులోనేనని. ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. ఆయన కాసేపు కళ్లజోడు తుడుచుకుని, గీయడం నువ్వు గీయి, నిర్ణయం నాది, సంతకం నాది అన్నారు. మా సెక్షన్‌లో గీసేవాళ్లం ఇద్దరమే. రెండో ఆవిడ ప్రసూతి సెలవులో ఉంది.

నాకు లెక్క కావాలి. ఫారాలు జతచేశాను. రెండు రోజులు, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. పావుగంటకొక వరస. మొదటి గడిలో సందులోంచి తిరిగే బళ్లు, రెండో గడిలో ఎదురుగా వచ్చే బళ్లు, మూడో గడిలో నడిచి దాటేవాళ్లు. మిగతా సందుల దగ్గర మా మనుషులు కూర్చుంటున్నారు. నీ సందుకి మనిషి చాలలేదు. నిన్ను అడగడానికి నాకేం సంకోచం లేదు. డెబ్బై ఆరు చుట్లలో ఒక చుట్టు తప్పితే మోటారు కాలిపోతుందని తెలిసినవాడివి. మీ అక్క ఫోను చేసినప్పుడల్లా ముందు వినపడేది 'డెబ్బై రెండు, డెబ్బై మూడు' అనే నీ గొంతే. ఆ లెక్క పూర్తయ్యాకే నువ్వు హలో అనేవాడివి.

చెల్లెమ్మ మోకాలు ఎలా ఉంది? మెట్లు తగ్గించమను.

బావ

*

జూన్ 15

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం చూసి ముందు మీ చెల్లెమ్మ భయపడింది, ఈ రోజుల్లో కాగితం మీద రాశారంటే ఏదో అయ్యుంటుందని. విప్పి చదివాక నేను భయపడ్డాను.

సందు మూసేస్తే మా వాళ్లంతా వంతెన వైపు పదహారో సందు దాకా వెళ్లి తిరిగి రావాలి. రానూ పోనూ రెండున్నర కిలోమీటర్లు. కాలిపోయిన మోటారు ట్రాలీలో వేసుకుని, పొలంలో నీళ్లు ఆగిపోయి, ఆ చిరాకులో ఉన్న మనిషి అంత దూరం తిరుగుతాడంటారా? అటు పక్కే ఇంకో వైండింగ్ షాపుకి పోతాడు. లేదంటే ఎదురు రూట్లో వస్తాడు. అది ఇంకా ఘోరం. ఆ సందు అక్క అడిగి పెట్టించింది. మీరు గీసి ఇచ్చారు. దాని వల్లే తొమ్మిదేళ్లుగా షాపు నిలబడింది. నేను, మేస్త్రీ, మేస్త్రీ తమ్ముడు, మూడు ఇళ్లు దాని మీద నడుస్తున్నాయి.

మేస్త్రీ అంటే తెలుసుగా, మన రేడియోనే. ఇప్పటికీ పొద్దున షట్టరు ఎత్తినప్పుడు కబుర్లు మొదలుపెడితే దించేదాకా ఆగడు. లెక్కపెట్టే రెండు రోజులూ నోరు మూసుకోమన్నాను. రెండో రోజు సాయంత్రానికి జ్వరం వచ్చినట్టు అయిపోయాడు పాపం.

ఫారాలు నింపి పంపుతున్నాను. ఎంతమంది ఆ సందు మీద ఆధారపడ్డారో మీరే చూడండి. మీ పెద్ద ఇంజనీరుగారికి కూడా చూపించండి. మూసేయమని అనడానికి ఆయనకి నోరు రాదు.

ఈవిడ మోకాలికి పట్టీ వేశారు. మెట్లు తగ్గించమని మీరు చెప్పారంటే, అన్నయ్యగారు చెబితే సరే అంది. నెలరోజులుగా నేను చెబుతున్నది అదే.

ఒకసారి రండి బావగారూ. మీరు వచ్చి చాలా రోజులైంది.

మీ బావమరిది

*

జూన్ 21

బావమరిదికి,

ఫారాలు అందాయి. చేతిరాత బాగుంది. లెక్క బాగాలేదు.

మంగళవారం తొమ్మిదిన్నర నుంచి తొమ్మిది ముప్పావు దాకా నీ సందులోంచి ఎనభై నాలుగు బళ్లు తిరిగాయని రాశావు. అదే పావుగంటలో ఎదురుగా నాలుగు వందల పది వచ్చాయని కూడా నువ్వే రాశావు. అంటే రెండు సెకన్లకు ఒకటి. మధ్యలో దూరి దాటడానికి ఒక ట్రాలీకి కనీసం ఆరు సెకన్లు కావాలి. రెండు గడులూ నిజమైతే నీ ట్రాలీలు లారీల మీదనుంచి దూకి ఉండాలి.

సందు ఎంత ఎక్కువ వాడితే అంత గట్టిగా ఉంచుతారని నువ్వు అనుకుని ఉంటావు. మా దగ్గర లెక్క తిరగేసి ఉంటుంది. పావుగంటకి పాతిక దాటితే మేం దాన్ని ప్రమాదాల జాబితాలో వేస్తాం. పెద్ద ఇంజనీరుగారు నీ కాగితం చూసి, ఇది జనం మాట వినే విచారణ దాకా ఆగక్కర్లేదు, రేపే మూయొచ్చు అన్నారు. లెక్క సరిచూడాలి అని చెప్పి ఆపాను.

ఇంకొకటి. మూడో గడి, నడిచి దాటేవాళ్లది, రెండు రోజులూ ఖాళీగా ఉంది. పన్నెండు గంటల్లో ఒక్క మనిషీ నడిచి దాటలేదా? ఎందుకు వదిలేశావు?

నిజమైన లెక్క పంపు.

బావ

*

జూన్ 25

బావగారికి,

అవును, కలిపాను. ఒకటికి నాలుగైదు వేశాను. దొంగతనం చేసినవాడిలా దాచుకోను. మూడు ఇళ్లు వీధిన పడతాయంటే మీరైనా అదే చేస్తారు. కాదు, మీరు చెయ్యరు. మీకు గీతలు, గడులు, పావుగంటలు.

కానీ బావగారూ, ఎక్కువ రాస్తే మూస్తారని ముందే ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చుగా? నన్ను నమ్ముతున్నానని రాసి, డెబ్బై ఆరు చుట్లని పొగిడి, నా ఉరితాడు నా చేతే పేనించారు. మీకు కావలసింది లెక్క కాదు. అక్క పోయిన చోటు కనపడకుండా కాంక్రీటు పోసేస్తే మీ మనసుకి హాయి. దాని కింద నా షాపు పడినా మీకు పట్టదు.

అక్క పోయి పద్నాలుగు నెలలైంది. నా గడప తొక్కలేదు. చివరికి రేడియో కూడా అడిగాడు, మీ బావగారికి మన మీద కోపమా అని. ఏం చెప్పను? తప్పు నాదే అనుకుంటున్నారని నాకు తెలుసు. నోటితో అనరు. మీరు దేన్నీ నోటితో అనరు. అక్క నవ్వుతూ చెప్పేది, మా ఆయన పెదవి విప్పాలంటే పర్మిట్ కావాలని.

మూడో గడి గురించి మాత్రం అడక్కండి.

మీ చెల్లెమ్మ ఈ ఉత్తరం పంపొద్దంటోంది. పంపుతున్నాను.

బావమరిది

*

జూలై 2

బావమరిదికి,

పంపడమే మంచిదైంది.

ముందే చెప్పలేదన్నది నిజం. చెబితే తక్కువ రాస్తావేమోనని చెప్పలేదు. ఆ సంగతి నాకు నేను కూడా ఇప్పుడే ఒప్పుకుంటున్నాను.

నిన్ను తప్పు పట్టలేదు. కారణం చెబుతాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ సందు అక్కడ ఉండకూడదు. నీ షాపు దాటి నూట ఎనభై మీటర్లలో పన్నెండోది ఉంది. అంత దగ్గరగా రెండు పెట్టకూడదని నియమం. మీ అక్క అడిగింది, తమ్ముడు షాపు కొత్తగా పెట్టాడు, ఎలాగైనా చూడమంది. నేను గీశాను. సందు వెడల్పు ట్రాలీకి సరిపోయింది. మనిషి నిలబడటానికి చోటు వదల్లేదు. అది నాకు తట్టలేదు.

ఆ శనివారం పొద్దున మీ ఇంటికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటోంది. ఆ సందులో నిలబడితే భయమేస్తోందండీ, ట్రాలీకి ఆనుకుని నిలబడాల్సి వస్తోంది, ఏదైనా చేయకూడదా అంది. నేను పేపరు చదువుతున్నాను. తల ఎత్తకుండా, 'అడిగింది నువ్వే కదా' అన్నాను.

ఆమె సంచీ తీసుకుంది. తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

మీ అక్క సంగతి నీకు తెలుసు. ఖాళీ రోడ్డుని కూడా అటు, ఇటు, మళ్లీ అటు చూసి దాటేది. ఆమెతో సినిమాకి వెళితే పేర్లు పడటం ఎప్పుడూ చూడలేదు నేను. అలాంటి మనిషి ఆ రోజు చూసుకోకుండా అడుగు వేసింది. నా మూడు మాటలు తలలో తిరుగుతూ ఉండి ఉంటాయి. వేరే కారణం నాకు దొరకలేదు.

నీ గడప తొక్కనిది అందుకు. పైగా మీ అక్కదీ నీదీ ఒకటే గడ్డం. ఎదురుగా కూర్చుని దాన్ని చూడలేను.

ఆరో తేదీన మా ఆఫీసు నుంచి లెక్క రాసే ఆవిడ వస్తుంది. షాపు బయట ఒక కుర్చీ వెయ్యి. కొంచెం నీడ ఉండేలా చూడు.

బావ

*

జూలై 9

బావగారికి,

మీ ఆవిడ వచ్చింది. ఛ, మీ ఆఫీసావిడ. కుర్చీ వేశాం. ఆమె బళ్లు లెక్కపెడుతుంటే నడిచేవాళ్లని నేను లెక్కపెడతానన్నాను. ఆమె తలా తోకా తెలియక సరే అంది.

బళ్లు అత్యధికంగా పావుగంటకి పంతొమ్మిది. అదే నిజం. నడిచేవాళ్లు ఆ ఒక్క పొద్దుటే రెండు వందల ముప్పై ఒకరు. బట్టల ఫ్యాక్టరీ వాళ్లు, స్కూలు టీచర్లు, కళ్లజోళ్ల షాపుకి వచ్చే ముసలివాళ్లు. తొమ్మిదేళ్లుగా ఆ సందు నాదే అనుకున్నాను. అందులో నా బేరం పదో వంతు కూడా లేదు.

మొదటిసారి ఆ గడి ఎందుకు వదిలేశానో చెబుతాను. నడిచి వచ్చేవాళ్లని చూడలేకపోయాను. చూడటం మొదలుపెడితే ప్రతివాళ్లూ అక్కే.

ఇది రాయడానికి నాలుగు కాగితాలు చించాను. మీ ఉత్తరం రాకపోతే ఎప్పటికీ రాసేవాణ్ణి కాదు.

ఆ రోజు సందులో కోళ్ల ఫారం వాళ్ల ట్రాలీ ఆగి ఉంది. డ్రైవరు దాటాలా వద్దా అని వెనకాముందూ ఆడుతున్నాడు. నేను ఎప్పటిలాగే షాపు బయటికొచ్చి చూశాను. లారీ దూరంగా ఉంది, ఈలోగా వచ్చేస్తాడనిపించింది. రా రా అని చెయ్యి ఊపాను. ట్రాలీలందరికీ అలాగే ఊపుతాను, అది నాకు అలవాటు. డ్రైవరు లారీని చూసి కదల్లేదు. ట్రాలీకి అవతల అక్క నిలబడి ఉంది. నాకు తెలియదు. ట్రాలీ అడ్డుగా ఉండటంతో ఆమెకి లారీ కనపడలేదు. నా చెయ్యి మాత్రం కనపడింది.

ట్రాలీ ముందునుంచి బయటికి వచ్చాకే నేను ఆమెని చూశాను. తననే పిలుస్తున్నాననుకుంది. నవ్వుతోంది. చేతిలో సంచీ పైకెత్తి చూపించింది, వస్తున్నాలేరా అన్నట్టు. నేను కేక వేశానో లేదో కూడా నాకు గుర్తులేదు.

మూడుసార్లు చూసే మనిషి ఎందుకు చూడలేదని అడిగారు. మీ మాట కాదు బావగారూ. నా చెయ్యి.

ఆ ట్రాలీ డ్రైవరుకి తెలుసు. ఇప్పటికీ మోటార్లు తెస్తాడు. ఇద్దరం మొహాలు చూసుకోం. మీ చెల్లెమ్మకి నిన్న చెప్పాను. చాలాసేపు నా పక్కనే కూర్చుంది.

ఇక మీరు ఆ సందు మూసినా నేను అడ్డు చెప్పను.

మీ బావమరిది

*

జూలై 20

బావమరిదికి,

ఆలస్యమైంది.

మొదటి మూడు రోజులు నీ మీద కోపం వచ్చింది. దాచను. ఆఫీసులో ఒక స్కేలు విరిచాను. నాలుగో రోజు ఉత్తరం మళ్లీ చదివాను. నవ్వుతోంది అని రాశావు. ఆ తర్వాత ప్రతిరోజూ ఆ ఒక్క వాక్యమే చదివాను.

పద్నాలుగు నెలలుగా ఆమె నా మాట మోసుకుంటూ పోయిందనుకున్నాను. తమ్ముణ్ణి చూసి నవ్వుతూ పోయింది. నాకు అది చాలు.

నీకు చాలదని తెలుసు. నీ బరువు నేను తీసుకోలేను. కానీ పని తెలిసినవాడిగా ఒక మాట చెప్పగలను. నిలబడిన చోటునుంచి వచ్చే బండి కనపడకపోతే, మనిషి కనపడిన చేతిని నమ్ముతాడు. ఎవరైనా అంతే. ఆ చోటు అలా గీసింది నేను. కాబట్టి మొత్తం నువ్వే తీసుకోకు.

ఇక డ్రాయింగు. ఫైలులో వెళ్లింది ఆఫీసావిడ లెక్క. దానితో పాటు ఉన్న నడిచేవాళ్ల లెక్క నువ్వు చేశావని, మొదటి ఫారాలు తప్పని పెద్ద ఇంజనీరుగారికి చెప్పాను. నీ చేత రాయించడం నా పొరపాటని కూడా చెప్పాను. ఆయన ఒక మధ్యాహ్నం తానే వచ్చి నీ షాపు ఎదుట లెక్కపెట్టుకుని వెళ్లారు. నీకు తెలియలేదు. నీ రేడియో ఆయనకి రోడ్డు చరిత్ర అంతా చెప్పాడట.

పంతొమ్మిది కాబట్టి ఒక దారి దొరికింది. నీ ఎనభై నాలుగు నిజమైతే దొరికేది కాదు. పదకొండోది బళ్లకి మూత. పన్నెండోది ఉంటుంది. అక్కడ తిరిగే బళ్లు ఆగడానికి విడిగా ఒక వరస వస్తుంది. నీ ట్రాలీ నూట ఎనభై మీటర్లు ముందుకెళ్లి, తిరిగి, నీ పక్కనుంచే వెనక్కి వస్తుంది. రెండున్నర కిలోమీటర్లు కాదు. షాపు ముందు మోటార్లు దించుకోవడానికి ఒక బండి పట్టే చోటు వేశాను.

నడిచేవాళ్లకి పదకొండోది ఉంటుంది. తిన్నగా కాదు. సగం దాటాక డివైడర్ లోపలే, వచ్చే బళ్లకి ఎదురుగా తిరిగి పది అడుగులు నడవాలి. రెండు వైపులా నడుమెత్తు కడ్డీలు. పక్కన ఏ బండీ ఆగదు. ఆ తర్వాతే రెండో సగం. ఎవరి చెయ్యీ చూడనక్కర్లేదు.

విచారణ సెప్టెంబరు పదిన. నేను రాను. రావడం బాగుండదు. నీకు తోచింది నువ్వు మాట్లాడు. నా కోసం ఒప్పుకోకు.

బావ

*

సెప్టెంబరు 12

బావగారికి నమస్కారం.

విచారణ అయింది. హాల్లో నూటయాభై మంది, ఫ్యాన్లు రెండు. మొదట టైర్ల షాపాయన లేచాడు. ఆయన ఎదుటి పద్నాలుగోది మూత కాబట్టి ఆయన బాధ ఆయనది. ప్రాణాలు ముఖ్యమే, మరి బతుకులో అని అడిగాడు. ఆయనకి వెనక వీధి వైపు షట్టరు పెట్టుకోవడానికి అనుమతి ఇస్తామన్నారు. ఇంకా అలిగే ఉన్నాడు. నిన్న టీ తాగడానికి పిలిస్తే, పన్నెండో సందు చుట్టూ తిరిగి వస్తాలే అన్నాడు.

తర్వాత కళ్లజోళ్ల షాపావిడ. 'చూపు సరిగ్గా లేకే కదండీ నా దగ్గరికి వస్తారు. వాళ్లని పరిగెత్తించి రోడ్డు దాటమంటారా?' అంది. హాలంతా నవ్వింది. మీ పెద్ద ఇంజనీరుగారు నవ్వలేదు. మీరు గీసిన ఆ వంకర దారిని పెద్ద బోర్డు మీద వేలితో చూపించారు. ఆవిడ బోర్డు దగ్గరికెళ్లి, కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసింది. సరే అంది.

నన్ను మాట్లాడమన్నారు. ముందు అనుకున్నదంతా మరిచిపోయాను. ఆ సందు తొమ్మిదేళ్లు నాకు అన్నం పెట్టింది, మా అక్క అందులోనే పోయింది, రెండూ నిజమే, మీరు గీసినట్టే కట్టండి అన్నాను. వచ్చి కూర్చున్నాను. రేడియో నా భుజం మీద చెయ్యి వేసి ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. చరిత్రలో మొదటిసారి.

పని మొదలైతే రెండు నెలలు దుమ్ము, బేరాలు తగ్గుతాయి. తట్టుకుంటాం.

ట్రాలీలకి చెయ్యి ఊపడం మానేశాను. బయటికొస్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాను. స్కూల్లో శిక్ష వేసినట్టున్నారని రేడియో ఎగతాళి.

పని అయ్యాక వస్తారా? బలవంతం లేదు.

మీ బావమరిది

*

నవంబరు 23

బావమరిదికి,

పని పూర్తయిందని కాగితం వచ్చింది. కడ్డీలకి రంగు ఒక పూత తక్కువేశారట. రాసి పెట్టాను.

శనివారం వస్తున్నాను. పదిన్నర బస్సు. మీ అక్క ఎక్కేదే. అవతలి పక్క దిగుతాను.

నువ్వు గడప దగ్గర నిలబడు. చేతులు వెనక్కి కట్టుకోవద్దు. నేను సగం దాటి, తిరిగి, వచ్చే బళ్లని చూసుకుంటాను. మీ అక్క చూసినట్టే మూడుసార్లు. మధ్యలో కాస్త ఎక్కువసేపే ఆగుతాను. కంగారుపడి కేక వేయకు. అక్కడ ఇప్పుడు నిలబడే చోటుంది.

అప్పుడు చెయ్యి ఊపు. దాన్ని చూసి దాటను. చూస్తాను, అంతే.

బావ